సికందర్, అలెగ్జాండర్, అలికసుదర
గ్రీకు పేర్లు మన దాకా వచ్చిన దారులు

కోహెడ నుండి హైదరాబాదుకు పోయే మనవాళ్ళలో చాలామంది సిద్దిపేట మీదుగా పోయి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగుతరు. దిగిన గడ్డ సికింద్రాబాదు. ఆ ఊరి పేరులో రెండువేల మూడు వందల ఏండ్ల కిందటి ఒక గ్రీకు పేరు దాగి ఉన్నది. ఇంగ్లీషు పుస్తకంలో ఆ పేరు అలెగ్జాండర్. మన నోట సికందర్.

మూడవ నిజాం సికందర్ జా 1803 నుండి 1829 వరకు రాజ్యం చేసినారు. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఇంగ్లీషు ఫౌజు దిగిన చోటికి 1806లో వారి పేరు మీదనే సికందరాబాద్ అని పేరు పెట్టబడినది. మన పెద్దలు దానిని లష్కర్ అనే అనేవారు. ఇంగ్లీషువారు తమ చెవికి ఎట్లా వినిపించిందో అట్లా స్పెల్లింగు రాసుకున్నారు. అలెగ్జాండర్ అనే పేరుగల దొర ఎవరైనా ఆ దండులో ఉండి ఉంటే, తన పేరుగల ఊరిలోనే తాను కాపురం చేస్తున్నానన్న సంగతి ఆయనకు తట్టి ఉండకపోవచ్చును. పేరు ఒక్కటే. వచ్చిన దారులు వేరు.

ఆ దారుల గురించి ఈ వ్యాసంలో కొంచెం చెప్పదలచినాము. ఇది పాత కాలపు ముచ్చట అయినా, ఉర్దూ మీడియంలో చదివే మన పిల్లలకు దీనితో పని ఉన్నది. అదేమిటో చివరన మనవి చేస్తాము.

గ్రీకులు పేర్లు పెట్టిన తీరు

ప్రాచీన గ్రీకులలో మనిషికి ఒక్కటే పేరు ఉండేది. ఇంటిపేరు అనేది లేదు. ఒకే పేరు పదిమందికి ఉంటే గుర్తుపట్టడానికి తండ్రి పేరు చేర్చేవారు. 'ఫిలిప్పోస్ కొడుకు అలెగ్జాండ్రోస్' అన్నట్టు. నిజాం కాలపు కాగితాలలో 'ఫలానా వల్ద్ ఫలానా' అని రాసిన తీరు కూడా ఇటువంటిదే. పెద్ద కొడుక్కు తాత పేరు పెట్టుకోవడం వారిలో బాగా అలవాటు. ఇది మన తెలుగు ఇండ్లల్లోనూ చూస్తున్నదే గదా.

వారి పేర్లు చాలామట్టుకు రెండు మాటలు కలిపి కట్టినవి. అలెగ్జాండ్రోస్ అనగా మనుషులను కాపాడువాడు. ఫిలిప్పోస్ అనగా గుర్రాలంటే ప్రేమ గలవాడు. అరిస్టాటిల్ పూర్తి పేరు అరిస్తోతెలేస్, అనగా ఉత్తమమైన గమ్యం గలవాడు. నికొలాఓస్‌లో 'విజయం', 'జనం' అనే రెండు మాటలున్నవి. థియోడోరోస్ అనగా దేవుడిచ్చినవాడు. ఈ చివరి పేరు దగ్గర కొంచెం ఆగి చూడండి. అరబీలో అతావుల్లా అన్నా ఇదే అర్థం, సంస్కృతంలో దేవదత్తుడు అన్నా ఇదే అర్థం. థియోఫిలోస్ అంటే దేవునికి ప్రియమైనవాడు, అనగా మన హబీబుల్లా. బిడ్డ పుట్టినప్పుడు తల్లిదండ్రుల మనసులో కలిగే కోరిక ఏ దేశంలోనైనా ఒకే తీరుగా ఉంటుందని ఈ పేర్లు చూస్తే తెలుస్తుంది.

ఒంటి మాట పేర్లు కూడా ఉన్నవి. స్తెఫానోస్ అంటే కిరీటం, మన తాజ్. ఐరీని అంటే శాంతి, మన అమన్. సోఫియా అంటే జ్ఞానం, మన హిక్మత్. మార్గరీటెస్ అంటే ముత్యం, మన గౌహర్. గేయోర్గియోస్ అంటే భూమి దున్నుకునేవాడు, మన రైతు.

రోము మీదుగా ఇంగ్లీషుకు

ఈ పేర్లు గ్రీసు నుండి నేరుగా ఇంగ్లండుకు పోలేదు. ముందుగా రోము వారి లాటిన్ భాషలో దిగినవి. లాటిన్‌లో 'ఓస్' అనే ముగింపు 'ఉస్' అయింది. ప్లాటోన్ చివరి 'న్' రాలిపోయి ప్లాటో అయినాడు. తరువాత ఫ్రెంచి వారి నోట, ఇంగ్లీషు వారి నోట ఇంకా అరిగినవి. అలెగ్జాండ్రోస్ అలెగ్జాండర్ అయినాడు. ఫిలిప్పోస్ ఫిలిప్, ఆండ్రియాస్ ఆండ్రూ, నికొలాఓస్ నికొలస్, మార్గరీటెస్ మార్గరెట్, గేయోర్గియోస్ జార్జ్. ఈ విధంగా 'రైతు' అనే అర్థం గల పేరుతో ఇంగ్లండులో ఆరుగురు రాజులు సింహాసనం ఎక్కినారు. విశాఖపట్నంలో పేదసాదలకు ఆసరాగా ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి పేరులో ఉన్నదీ ఆ రైతే.

ఇంగ్లీషులో గ్రీకు పేర్లు రెండు జాతులుగా విడిపోయినవి. చర్చి ద్వారా వచ్చిన పేర్లు పిల్లలకు పెట్టుకునే పేర్లయినవి. జార్జ్, పీటర్, స్టీఫెన్, ఆండ్రూ, తిమోతి, హెలెన్ అటువంటివి. గ్రంథాల ద్వారా వచ్చిన సోక్రటీస్, ప్లాటో, అరిస్టాటిల్ వంటివి పండితుల పేర్లుగానే మిగిలిపోయినవి. ఇంగ్లీషువారు తమ పిల్లవానికి అరిస్టాటిల్ అని పేరు పెట్టడం అరుదు.

తెలంగాణలోని మన క్రైస్తవ సోదరుల ఇండ్లలో ఈ పేర్లు రెండు రూపాలలో వినిపిస్తవి. తెలుగు బైబిలులో పేతురు, అంద్రెయ, ఫిలిప్పు, స్తెఫను అని ఉంటే, బడి రిజిస్టరులో పీటర్, ఆండ్రూస్, ఫిలిప్, స్టీఫెన్ అని ఉంటది. ఉర్దూ చదివినవారికి మూడవ రూపం కూడా తెలుసు. పేతురు ఉర్దూలో పత్రస్. అహ్మద్ షా బుఖారీ (1898–1958) అనే రచయిత ఆ పేరునే కలం పేరుగా పెట్టుకుని పత్రస్ బుఖారీగా ప్రసిద్ధులైనారు. కుక్కల మీద ఆయన రాసిన హాస్య వ్యాసం చదివి నవ్వని ఉర్దూ విద్యార్థి ఉండడు. కాని పత్రస్, పేతురు, పీటర్ ఈ ముగ్గురూ ఒక్కరే అని, ఆ మాటకు గ్రీకులో 'రాయి' అని అర్థమని ఎందరికి తెలుసు?

బాగ్దాదు మీదుగా ఉర్దూకు

ఇక మన ఉర్దూకు వచ్చిన దారి. అబ్బాసీ ఖలీఫాల కాలంలో, ముఖ్యంగా ఖలీఫా మామూన్ (813–833) హయాంలో, బాగ్దాదులో గ్రీకు గ్రంథాల తర్జుమా పెద్ద ఎత్తున నడిచింది. ఆ పనిలో మొదట చెప్పవలసిన పేరు హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్. ఆయన క్రైస్తవుడు, వైద్యుడు. గ్రీకు, సుర్యానీ, అరబీ మూడు భాషలూ తెలిసినవాడు. గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాలను పదుల సంఖ్యలో తర్జుమా చేసినాడు. ముస్లిం ఖలీఫా పోషణలో ఒక క్రైస్తవ పండితుడు పాత గ్రీకు వారి విద్యను అరబీ చదువరులకు అందించినాడు. చదువుకు గోడలు ఉండవని చెప్పడానికి ఇంతకంటె వేరే దృష్టాంతం అక్కరలేదు.

అరబీ నోటికి గ్రీకు పేర్లు కొన్ని లొంగలేదు. అరబీ లిపిలో 'ప' అక్షరం లేదు, అందుచేత అది 'ఫ' గానో 'బ' గానో మారింది. మాట మొదట్లో రెండు హల్లులు కలిసి వస్తే పలకడం కష్టం గనుక ముందు ఒక అచ్చు చేరింది. ఈ రెండూ కలిసి ప్లాటోన్‌ను అఫ్లాతూన్ చేసినవి. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఇంగ్లీషు పారేసుకున్న చివరి 'న్' మన ఉర్దూ పేరులో ఈనాటికీ భద్రంగా ఉన్నది. టోలెమీ అసలు పేరు ప్తొలెమాయోస్. ఇంగ్లీషువారు 'ప' రాస్తరు గాని పలకరు. అరబీలో ఆయన బత్‌లీమూస్. అరబీ సాహిత్య భాషలో 'గ' లేదు, అందువల్ల గాలెనోస్ జాలీనూస్ అయినాడు. ఇంగ్లీషు చివరి 'ఓస్' కత్తిరించి గాలెన్ అన్నది, అరబీ ఆ తోకను 'ఊస్' గా ఉంచుకున్నది. సోక్రటీస్ సుక్రాత్ అయినాడు. హిప్పోక్రటీస్ ముందు భాగం అరిగిపోయి బుక్రాత్ మిగిలినాడు. యూక్లిడ్ ఉక్లీదస్, పైథాగరస్ ఫీసాగోరస్.

మన దక్కనీ నోట ఇంకొక మార్పు జరిగింది. 'ఖాఫ్' అక్షరాన్ని మనం 'ఖ' అంటాము గనుక ఇక్కడ సుఖ్రాత్, బుఖ్రాత్ అయినారు. అంటే ఏథెన్సులో బయలుదేరిన పేరు బాగ్దాదులో ఒకసారి, ఇరానులో ఒకసారి, చివరికి మన గడప ముందర ఇంకొకసారి వేషం మార్చుకున్నది.

అలెగ్జాండ్రోస్ సికందర్ కావడమే అందరికీ ఆశ్చర్యం కలిగించేది. పేరు మొదట ఉన్న 'అల్' ను అరబ్బులు తమ భాషలోని 'అల్' అనుకున్నారని భాషావేత్తలు చెప్పుతారు. అల్ కితాబ్, అల్ కలమ్ అన్నట్టు అల్ ఇస్కందర్. 'అల్' తీసేస్తే ఇస్కందర్. 'క్స' తారుమారై 'స్క' అయింది. ఫారసీ, ఉర్దూలలో ముందరి 'ఇ' కూడా పోయి సికందర్ అయింది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా పట్నం అరబీలో ఈనాటికీ అల్ ఇస్కందరియా.

సికందర్ తండ్రి ఫిలిప్పోస్ పేరు ఇంకా తమాషా అయినది. ఫారసీ కథలలో ఆయన పేరు ఫైలఖూస్. 'ప' బదులు 'ఖాఫ్' ఎక్కడిది? అరబీ లిపిలో 'ఫె' మీద ఒక చుక్క, 'ఖాఫ్' మీద రెండు చుక్కలు. నకలు రాసే కాతిబు చేతిలో ఒక చుక్క ఎక్కువైంది, అంతే, రాజు పేరు మారిపోయింది. నుక్తా విషయంలో మేము పిల్లల తఖ్తీల మీద ఎందుకు అంత పట్టుబడతామో తల్లిదండ్రులు దీనిని బట్టి అర్థం చేసుకోవచ్చును.

నిజామీ గంజవీ రాసిన సికందర్‌నామా మన దేశపు పాత మక్తబులలో పాఠ్యగ్రంథంగా ఉండేది. ఆ కథల వల్లనే సికందర్ పేరు ఇంటింటి పేరయింది. గెలిచినవాడే సికందర్ అనే సామెత పుట్టింది. 1978లో వచ్చిన 'ముఖద్దర్ కా సికందర్' సినిమాతో ఆ పేరు చదువురాని వారి నోట కూడా ఆడింది. ఖురాన్‌లోని జుల్ ఖర్‌నైన్ ఎవరన్న చర్చ వేరు, అది ఆలిమ్‌ల పని. మేమిక్కడ పేరు సంగతి వరకే చెప్పుతున్నాము.

ఇంగ్లీషులో జరిగినట్టే మనలోనూ జరిగింది. రాజు పేరు పిల్లలకు పెట్టుకున్నాము, పండితుల పేర్లు పెట్టుకోలేదు. పైగా వాటిని ఎగతాళికి వాడుకున్నాము. అతి తెలివి చూపినవానిని 'బడా అఫ్లాతూన్' అంటాము, మధ్యలో మాట్లాడేవానిని బుఖ్రాత్ అంటాము. లోకానికి తత్త్వం నేర్పినవారు మన వీధిలో తిట్లుగా మిగిలినారు. కాని ఒక తీరుగా చూస్తే ఇది కూడా గౌరవమే. ఎగతాళికైనా తెలివికి కొలబద్ద ఆ పేర్లే అయినవి.

పేర్లు ఒక దిక్కే నడవలేదు. అవతలి నుండి ఇవతలికి వచ్చినట్టే ఇవతలి నుండి అవతలికీ పోయినవి. ఇబ్న్ సీనా లాటిన్‌లో అవిసెన్నా అయినాడు, ఇబ్న్ రుష్ద్ అవెర్రోస్ అయినాడు. టోలెమీ ఖగోళ గ్రంథాన్ని అరబీలో అల్ మజిస్తీ అన్నారు. ఆ గ్రంథం 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని తొలెదోలో అరబీ నుండి లాటిన్‌లోకి పోయింది. గ్రీకు గ్రంథానికి ఇంగ్లీషువారు ఈనాటికీ వాడే పేరు ఆల్మజెస్ట్, అనగా అరబీ 'అల్' తో కలిపిన పేరు.

రాతి మీద ఉన్న పేర్లు

ఈ రెండు దారులకంటె ముందే ఇంకొక దారి ఉండేది. అది మన తెలుగు గడ్డ మీదికే వచ్చింది. కర్నూలు జిల్లాలో జొన్నగిరి దగ్గర ఎర్రగుడి అనే ఊరున్నది. అక్కడి బండల మీద అశోక చక్రవర్తి పద్నాలుగు శాసనాలు బ్రాహ్మీ లిపిలో చెక్కబడి ఉన్నవి. వీటిలో పదమూడవ శాసనం కళింగ యుద్ధం తరువాత అశోకుడు పడిన పశ్చాత్తాపం గురించినది. అందులోనే తన ధర్మం చేరిన దూర దేశపు యవన రాజులు ఐదుగురి పేర్లు ఆయన చెప్పినాడు. ఈ శాసనపు ప్రతులు దేశంలో చాలా చోట్ల ఉన్నవి, అక్షరాలు ఒక్కో చోట ఒక్కో తీరు. అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుదర అనేవి ఆ పేర్లు.

ఇంగ్లీషు చరిత్రలో వీరే ఆంటియోకస్, టోలెమీ, ఆంటిగోనస్, మాగస్, అలెగ్జాండర్. కాలం సుమారు క్రీ.పూ. 256. ఈ అలికసుదర మనం చెప్పుకున్న మహా సికందర్ కాదు. ఆయన క్రీ.పూ. 323 లోనే బాబిలోన్‌లో మరణించినాడు. ఈయన అదే పేరు పెట్టుకున్న తరువాతి రాజు. ఎపిరస్ రాజని కొందరు, కొరింథు పాలకుడని కొందరు చరిత్రకారులు అంటారు. ఏమైనా సికింద్రాబాదు పుట్టడానికి రెండువేల ఏండ్ల ముందే ఆ పేరు మన దేశపు రాళ్ళకు ఎక్కింది.

యవన అనే మాట కూడా ఒక పేరు నుండి వచ్చినదే. గ్రీకులలో అయోనియా ప్రాంతం వారు ఇరానీలకు మొదట పరిచయమైనారు. ఆ మాటనే మన పూర్వులు యవన అన్నారు, అరబ్బులు యూనాన్ అన్నారు. చార్మినార్ పక్కన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టిన నిజామియా యునానీ దవాఖానాకు మన పల్లెల నుండి కూడా పోయేవారున్నారు. అక్కడి హకీం రాసే మందుకు మూల పురుషులు ఈ బుఖ్రాత్, జాలీనూస్‌లే. ఇంగ్లీషు డాక్టర్లు చదువు ముగించినప్పుడు చేసే హిప్పోక్రటీస్ ప్రమాణం కూడా ఈ బుఖ్రాత్ పేరు మీదనే ఉన్నది. రెండు వైద్యాలకు పెద్దదిక్కు ఒక్కడే.

మన పిల్లల సంగతి

ఇప్పుడు అసలు మనవి. మా దగ్గర పదవ తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఇంటర్‌కు పట్నంలో ఇంగ్లీషు మీడియంలో చేరిన ఒక పిల్లవాడు సెలవులకు వచ్చి అడిగినాడు: "మాస్టర్ సాబ్, అరిస్టాటిల్ అంటే ఎవరు? క్లాసుల అందరికీ తెలుసు, నాకొక్కనికే తెల్వదు." మేము తిరిగి అడిగినాము: "అరస్తూ ఎవరు బేటా?" టక్కున చెప్పినాడు: "సికందర్‌కు ఉస్తాద్. అఫ్లాతూన్‌కు షాగిర్ద్. అఫ్లాతూనేమో సుఖ్రాత్‌కు షాగిర్ద్." అంతా వచ్చు. క్లాసులో తెలుసన్నవారికంటె ఎక్కువే వచ్చు. తెలిసిన మనిషే టోపీ మార్చుకుని నిలబడితే గుర్తుపట్టలేకపోయినాడు. ఆ ఒక్కనాడు గాదు, మూడు నెలలు వెనుక బెంచీలో నోరు మూసుకుని కూర్చున్నాడట, తనకు ఏమీ రాదనుకుని.

నష్టం ఎక్కడ జరుగుతున్నదో ఇక్కడ కనిపిస్తున్నది. ఒకనాడు ఈ ఇబ్బంది లేదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులను ఉర్దూలోనే చెప్పింది. అందుకోసం 1917లోనే దారుల్ తర్జుమా పెట్టి శాస్త్ర గ్రంథాలు ఉర్దూలోకి తెచ్చినారు. బడిలో అరస్తూ అని చదివినవాడు కాలేజీలోనూ అరస్తూనే చూసేవాడు. 1948 తరువాత ఆ పద్ధతి పోయి ఇంగ్లీషు వచ్చింది. ఇప్పుడు మన పిల్లవాడు పదేండ్లు ఒక దారిన నడిచి, పదకొండవ ఏట ఇంకొక దారిలోకి దుముకవలసి వస్తున్నది. మధ్యన వంతెన ఎవరూ కట్టలేదు. లెక్కల్లో మస్‌అలా-ఎ-ఫీసాగోరస్ కంఠతా వచ్చినవాడు పైథాగరస్ సిద్ధాంతం అనగానే బెదురుతున్నాడు. పక్కనే తెలుగు మీడియంలో చదివిన పిల్లవానికి పైథాగరస్, యూక్లిడ్ అనే పేర్లు ఇంగ్లీషు రూపంలోనే అలవాటు గనుక ఆ బెదురు లేదు. ఇంతకు తప్ప ఇద్దరి తెలివికి తేడా లేదు.

వంతెన పెద్దది గాదు. పైన చెప్పిన నాలుగు సూత్రాలు చాలు: ఇంగ్లీషు 'ప' మనకు 'ఫ' లేక 'బ' అవుతుంది. 'గ' అనేది 'జ' లేక 'గైన్' అవుతుంది. 'క' అనేది 'ఖాఫ్' అవుతుంది. చివరి అక్షరాలు ఇంగ్లీషు కత్తిరిస్తుంది, మనం ఉంచుకుంటాము. ఈ నాలుగు చెప్పి పదిహేను పేర్లు ఇస్తే తొమ్మిదవ తరగతి పిల్లవాడు ఒక పీరియడులో జతలు కలుపుతాడు. మేము చేసి చూసినాము. ఆటలాగా ఆడుకుంటరు.

కనుక సంఘం పెద్దలకు మా విన్నపం ఏమంటే, ప్రతి ఏటా నోటు పుస్తకాలు పంచేటప్పుడు వాటి వెనుక అట్ట మీద ఈ పేర్లు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు లిపులలో అచ్చు వేయించండి. ఖర్చు కొద్దిపాటిదే. ఉపాధ్యాయ మిత్రులు బోర్డు మీద అరస్తూ అని రాసినప్పుడు పక్కన అరిస్టాటిల్ అని కూడా రాయండి.

తల్లిదండ్రులకు ఇంకొక మాట. సికందర్ అనే పేరు ఇంగ్లీషులో నాలుగైదు తీర్ల రాయవచ్చును. ఆధార్ కార్డులో ఒక తీరు, పదవ తరగతి మెమోలో ఇంకొక తీరు ఉంటే స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర పిల్లలు తిరిగి తిరిగి అలసిపోతున్నారు. కాతిబు చేతిలో ఒక చుక్క ఎక్కువైతే రాజు పేరే మారిపోయినప్పుడు, మన పేదవాని పేరు మారడానికి ఎంతసేపు? బడిలో చేర్పించిన రోజే ఒక స్పెల్లింగు నిశ్చయించుకుని అన్ని కాగితాలలో అదే రాయించండి.

తుదకు ఒక చిన్న పని అప్పగిస్తున్నాము. ఈ సంచిక ఇంటికి తీసుకుపోయిన నాడు, అన్నాలు తిన్న తరువాత మీ పిల్లలను కూర్చోబెట్టి అడగండి: జాలీనూస్‌ను ఇంగ్లీషులో ఏమంటారు? ఉక్లీదస్ ఎవరు? బత్‌లీమూస్ ఎవరు? చెప్పినవాని భుజం తట్టండి. చెప్పలేనివానిని కోప్పడవద్దు. ఆ మనుషులు వానికి తెలిసినవారే. రెండవ పేరు చెప్పి పరిచయం చేయడం మన పని.